గోడా, తరలింపా? అలాస్కా తీర గ్రామాల అసలు కష్టం ఆ రెండింటి మధ్యలో ఉంది

మీ ప్రశ్న ఇది: రోడ్డు కూడా లేని, ఏడాదిలో సగం కాలం సముద్రం గడ్డకట్టుకుపోయే ఉత్తర తీర గ్రామాలు వాతావరణ మార్పును ఎలా తట్టుకోవాలి? గోడ కట్టుకోవాలా, ఊరే మార్చుకోవాలా? కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నానని, ప్రాజెక్టు కోసం అడుగుతున్నానని రాశారు. నేను తీరప్రాంత ఇంజనీరుగా చాలాకాలం అలాస్కాలో పనిచేశాను కాబట్టి అక్కడి ఊళ్లనే తీసుకుని చెబుతాను. కెనడా సంగతి అవసరమైన చోట వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గోడా, తరలింపా అన్నది రెండో ప్రశ్న. వెళ్లిపోదామని ఊరు తీర్మానించుకున్న రోజుకీ, చివరి కుటుంబం కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించిన రోజుకీ మధ్య ఇరవై, ముప్పై ఏళ్లు గడిచిపోతాయి. ఆ మధ్యకాలంలో పిల్లలు ఏ బడికి వెళతారు, మంచినీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, అర్ధరాత్రి ఉప్పెన వస్తే ఎటు పరుగెత్తాలి? ఇదే మొదటి ప్రశ్న. ప్రభుత్వ ప్రణాళికల్లో తరచూ ఖాళీగా మిగిలేది ఈ భాగమే.

అసలు ఈ ఊళ్లు ఇంత ప్రమాదకరమైన చోట్ల ఎందుకున్నాయో తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు. అలాస్కా ఆదివాసులైన యుపిక్, ఇనూపియాట్ ప్రజలు ఒకే చోట స్థిరంగా ఉండేవాళ్లు కారు. చలికాలపు ఇళ్లు ఒకచోట, వసంతంలో సీళ్ల వేటకు మరోచోట, ఎండాకాలంలో చేపల కోసం నది పక్కన ఇంకోచోట. నేల కుంగితే గుడిసె జరిపేవాళ్లు, నది దిశ మారితే మనుషులు మారేవాళ్లు. ఇరవయ్యో శతాబ్దంలో ప్రభుత్వం బడులు కట్టి, పిల్లల్ని పంపి తీరాలంది. బడి ఉన్నచోటే ఊరు పాతుకుంది. నింగ్లిక్ నది పక్కన న్యూటాక్‌లో 1950ల చివర్లో బడి కట్టడానికి ఆ స్థలాన్ని ఎంచింది నేల గట్టిగా ఉందని కాదు, సామాన్ల బార్జీ (చదునైన సరుకుల పడవ) అంతకంటే ఎగువకు పోలేదని. అందుకే "వాళ్లు మారడం నేర్చుకోవాలి" అని ఎవరైనా అంటే నాకు కష్టంగా ఉంటుంది. మారడం వాళ్లకు తెలుసు. మారకుండా కట్టేసింది మనలాంటి ఇంజనీర్లూ, అధికారులూ.

ఇప్పుడు అక్కడ జరుగుతున్నది కొంచెం వివరంగా చూద్దాం. 1979 నుంచి లెక్కేస్తే ఆర్కిటిక్ ప్రాంతం భూగోళపు సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. దీని దెబ్బ తీరానికి రెండు వైపుల నుంచి తగులుతుంది. పూర్వం శరదృతువు తుపాన్లు వచ్చేనాటికి ఒడ్డును అంటుకుని మంచు పేరుకుని ఉండేది. అల ఎంత పెద్దదైనా ఆ మంచు మీద విరిగిపోయేది. ఇప్పుడు మంచు పట్టడం ఆలస్యమవుతోంది. అక్టోబరు, నవంబరు తుపాన్లకు సముద్రం బాహాటంగా తెరుచుకుని ఉంటోంది. గాలి వందల కిలోమీటర్ల నీటి మీద తోసుకొచ్చిన అల నేరుగా నేలను కొడుతోంది. రెండో వైపు, ఆ నేలే బలహీనపడుతోంది. అక్కడి నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే మట్టి అది. మట్టిలో మంచు పాలు ఎంత ఎక్కువ ఉంటే, కరిగాక అంత కుంగుతుంది. వెచ్చని సముద్రపు నీరు గట్టు అడుగున తొలిచేస్తే పైనున్న మట్టి ఇంటి పరిమాణంలో పెళ్లలుగా విరిగి పడుతుంది. న్యూటాక్ దగ్గర సగటున ఏడాదికి 20 మీటర్ల పైన గట్టు పోయింది. మన ఉప్పాడ తీరం కోత చూసినవారికి కూడా ఈ వేగం ఊహకు అందదు.

న్యూటాక్ కథ పూర్తిగా చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు అందులోనే చాలా జవాబులున్నాయి. సుమారు 350 మంది ఉన్న యుపిక్ ఊరు. నది తమను మింగేస్తుందని గ్రహించి 1994లోనే తరలింపు ఆలోచన మొదలుపెట్టారు. సుమారు 14 కిలోమీటర్ల దూరంలో, నెల్సన్ ద్వీపం మీద అగ్నిపర్వత శిలతో గట్టిగా ఉన్న ఒక ఎత్తైన చోటును తామే ఎంచుకున్నారు. పేరు మెర్టార్విక్. అది ఫెడరల్ వన్యప్రాణి విభాగం భూమి. దాన్ని తమ భూమితో మార్చుకోవడానికి అమెరికా కాంగ్రెస్‌లో చట్టం కావాల్సి వచ్చింది, అది 2003లో వచ్చింది. 2006లో అమెరికా సైన్యపు నిర్మాణ విభాగమైన ఆర్మీ ఇంజనీర్ల అంచనా ప్రకారం ఖర్చు 8 నుంచి 13 కోట్ల డాలర్లు. ఇవ్వడానికి ఒక్క శాఖ కూడా లేదు. ఊళ్లను తరలించడమే పనిగా ఉన్న సంస్థ అమెరికాలో లేదు కాబట్టి రోడ్డుకు ఒకరు, ఇళ్లకు ఒకరు, విమానాల రన్‌వేకు మరొకరు, ఎవరి నిబంధనలు వారివి. జనం లేనిచోట బడి కట్టం అంటుంది ఒక శాఖ. బడి లేనిచోటికి జనం ఎలా వెళతారు? మధ్యలో ఊళ్లోనే రెండు కౌన్సిళ్లు ఏర్పడి, అసలు ప్రతినిధులం మేమంటే మేమని పోట్లాడుకోవడంతో కొన్నేళ్లు నిధులు నిలిచిపోయాయి. దీర్ఘకాలపు ఒత్తిడిలో ఏ ఊరైనా చీలుతుంది. అందుకు వాళ్లను తప్పుపట్టను.

విపత్తు సాయం కింద అడిగారు. 2017 జనవరిలో కుదరదన్నారు. అమెరికా విపత్తు చట్టం ఒక తేదీ ఉన్న ఘటనకోసం రాసింది. తుపాను, భూకంపం, కార్చిచ్చు లాంటివి అందులో ఇముడుతాయి. రోజుకు కొన్ని అంగుళాల చొప్పున పోయే నేలకు తేదీ ఏది? ఇది నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం, ఎందుకంటే నిదానంగా వచ్చే నష్టాన్నే ముందుగా లెక్కగట్టగలం, ముందుగా ఆపగలం. చట్టం మాత్రం దాన్నే బయట నిలబెట్టింది.

2019 అక్టోబరులో మొదటి కుటుంబాలు మెర్టార్విక్ చేరాయి. చివరివాళ్లు 2024లో. అంటే మొత్తం ముప్పై ఏళ్లు. ఈ ముప్పై ఏళ్లూ పాత న్యూటాక్‌లో ఏం జరిగిందో చూడండి. పోయే ఊరికి డబ్బు పెట్టడం దండగ అన్న తర్కంతో కొత్త నీటి వ్యవస్థ రాలేదు. బార్జీ దిగే రేవు, చెత్త వేసే స్థలం కోతకు పోయాయి. ఒక తరం పిల్లలు బకెట్టే మరుగుదొడ్డిగా ఉన్న ఇళ్లలో పెరిగారు. కొత్త ఊరైనా సజావుగా ఉందా అంటే, తొందరలో కట్టిన కొన్ని ఇళ్లలో పునాదులు, గోడలు దెబ్బతిన్నాయని, చాలా ఇళ్లకు నీటి పైపులు ఇంకా రాలేదని 2025లో బయటపడింది. అయినా ఉప్పెన అందని ఎత్తులో ఉన్నారు, ఊరు ఊరుగా కలిసి ఉంది, భాష నిలిచింది. ఈ మూడూ చిన్న విషయాలు కావు.

షిష్మరెఫ్ సంగతి వేరు. చుక్చీ సముద్రంలో సన్నటి ద్వీపం మీద సుమారు 600 మంది ఇనూపియాట్లు. 2002లో తరలింపుకు ఓటేశారు. ఎంచుకున్న చోట నేల కింద కూడా మంచు ఉందని పరీక్షల్లో తేలింది. 2016లో మళ్లీ ఓటు పెడితే 89 మంది వెళదామన్నారు, 78 మంది ఉందామన్నారు. ఇప్పటికీ ద్వీపం మీదే ఉన్నారు. ఈ రెండో ఓటును చూసి "వాళ్లకే స్పష్టత లేదు" అనేవాళ్లున్నారు. నేనలా చూడను. వేట, పూర్వీకుల సమాధులు, సీల్ నూనె తయారీ అన్నీ ఆ నీటితో ముడిపడ్డ మనుషులకు అది సహజమైన విభజన. పైగా తరలింపుకు ఓటేసిన ఊరికి పాతచోట నిధులు ఆగిపోతాయని అప్పటికి అందరూ చూశారు. ఓటేస్తే శిక్ష, వేయకపోతే ముంపు అన్నట్టుంటే ఎవరు ఏ పెట్టెలో చీటీ వేస్తారు?

ఇప్పుడు గోడల సంగతి. కివలీనా కూడా ఒక సన్నటి ఇసుక మేట మీది ఊరు. 2006లో ఇసుక సంచుల గోడ కట్టారు. అది పూర్తయిన వెంటనే తుపానుకు దెబ్బతింది. 2008 నుంచి ఆర్మీ ఇంజనీర్లు రాతి కట్ట వేశారు. అది చాలావరకు నిలబడింది, దశాబ్దంన్నర కాలాన్ని ఊరికి సంపాదించి పెట్టింది. గోడను నేను కొలిచే పద్ధతి ఇదే: అది ఊరిని కాపాడిందా అని కాదు, ఎన్నేళ్లు కొనిపెట్టింది, ఆ ఏళ్లలో ఊరు ఏం చేసుకోగలిగింది అని. మీ దగ్గరే ఉప్పాడలో వేసిన జియోట్యూబు (ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచుల) గోడ కొన్నేళ్లకే దెబ్బతిన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. అక్కడా గోడ కొనిచ్చిన కాలంలో వెనక ఏం జరిగిందన్నదే అడగాల్సిన ప్రశ్న. అలాస్కాలో రాయి కూడా వందల కిలోమీటర్ల దూరం నుంచి, మంచు లేని కొద్ది నెలల్లోనే, బార్జీల మీద రావాలి. కాబట్టి గోడకయ్యే ప్రతి డాలరూ మరోచోట తగ్గుతుంది.

కివలీనా ఆ కాలాన్ని బాగా వాడుకుంది. మడుగు మీదుగా లోపలి కొండకు సుమారు 12 కిలోమీటర్ల రోడ్డు వేయించుకుంది. ఆ కొండ దగ్గర కొత్త బడి కట్టించుకుంది, 2022లో అది తెరుచుకుంది. ఆ బడి దయతో వచ్చింది కాదు. గ్రామీణ బడుల నిధుల్లో అన్యాయం జరుగుతోందని 1997లో తల్లిదండ్రులు, బడులు నడిపే స్థానిక సంస్థలు వేసిన కేసు 2011లో రాజీకి వచ్చినప్పుడు, ఆ ఒప్పందంలో భాగంగా వచ్చింది. (చమురు కంపెనీల మీద 2008లో కివలీనా వేసిన కేసు మాత్రం కోర్టుల్లో నిలవలేదు.) ఇప్పుడు ఊరు ద్వీపం మీదే ఉంది, పారిపోయే దారి ఉంది, బడి భద్రమైన చోట ఉంది. పూర్తి తరలింపు జరిగినా జరగకపోయినా ఈ రెండూ పనికొస్తాయి. నన్నడిగితే ఇలాంటి ప్రతి ఊరికీ మొదటి పెట్టుబడి ఇదే: ఎత్తైన చోట ఒక బడి, అక్కడికి ఒక దారి. మన కోస్తాలో 1977 దివిసీమ ఉప్పెన తర్వాత కట్టిన తుపాను షెల్టర్లు బడులుగానూ పనికొచ్చినట్టే ఇదీ.

బడి ఎంత ముఖ్యమో 2025 అక్టోబరులో అందరికీ తెలిసొచ్చింది. హాలాంగ్ టైఫూన్ మిగిలిన బలంతో నైరుతి అలాస్కాలోని యూకాన్–కుస్కోక్విమ్ డెల్టా మీద పడింది. కిప్నుక్, క్విగిలింగాక్ ఊళ్లలో ఇళ్లు పునాదుల మీంచి లేచి, మనుషులు లోపల ఉండగానే తేలుతూ కొట్టుకుపోయాయి. క్విగిలింగాక్‌లో ఒకరు చనిపోయారు, ఇద్దరు గల్లంతయ్యారు. కిప్నుక్‌లో ఇళ్లు చాలావరకు పనికిరాకుండా పోయాయి. జనం ముందు తలదాచుకున్నది బడిలోనే. తర్వాత వెయ్యిమందికి పైగా విమానాల్లో తరలించారు, చాలామంది ఎనిమిది వందల కిలోమీటర్ల దూరంలోని ఆంకరేజ్ నగరానికి చేరారు. కిప్నుక్ నదిగట్టు రక్షణకు మంజూరైన 2 కోట్ల డాలర్ల ఫెడరల్ గ్రాంటును అంతకు కొన్ని నెలల ముందే, మే నెలలో రద్దు చేశారు. ఆ పని ఇంకా పూర్తయ్యేది కాదు, అయినా ఇంత ఉప్పెనను ఆపేది కాదనే నా అంచనా. కానీ ఇచ్చిన మాట ఒక్క ఉత్తరంతో పోతుందని తెలిశాక ఏ ఊరు ఇరవై ఏళ్ల ప్రణాళిక వేసుకుంటుంది?

ఇంజనీరింగ్ విద్యార్థి కాబట్టి ఇళ్ల గురించి కొంచెం. పర్మాఫ్రాస్ట్ మీద ఇల్లు కట్టేటప్పుడు మొదటి శత్రువు ఇంటి వేడే. అందుకే స్తంభాల మీద ఎత్తి, కింద గాలి ఆడేలా ఖాళీ వదులుతారు. ఇంటి చుట్టూ మంచు మేటలు వేయకుండా చూడాలి, ఎందుకంటే మంచు దుప్పటిలా పనిచేసి చలికాలపు చలిని నేలలోకి దిగనివ్వదు. థర్మోసైఫన్ అనే గొట్టాలున్నాయి. లోపల కార్బన్ డయాక్సైడ్ లాంటిది నింపుతారు. అది కింద నేల వేడికి ఆవిరై పైకి వెళ్లి, చలిగాలికి చల్లబడి, ద్రవమై మళ్లీ కిందికి దిగుతుంది. కరెంటు లేకుండానే నేలలోని వేడిని బయటికి లాగుతుంది. అయితే బయట చలి తగ్గితే దాని శక్తీ తగ్గుతుంది. సముద్రం దగ్గర నేలలో ఉప్పు ఉంటే సున్నా డిగ్రీల కన్నా కిందే మెత్తబడుతుంది కాబట్టి లోపలి ఊళ్ల లెక్కలు తీరానికి పనికిరావు. నా సలహా: కొత్తగా కట్టే ప్రతి ఇల్లూ జాకీలతో మట్టం సరిచేసుకునేలా, చలికాలంలో స్లెడ్జి (మంచు మీద జారే బండి) మీద ఈడ్చుకుపోగలిగేలా కట్టాలి. కుస్కోక్విమ్ నది మీది నపాకియాక్ ఊరు ఇలాగే గట్టు కోస్తున్న కొద్దీ కట్టడాల్ని ఒక్కొక్కటిగా వెనక్కి జరుపుకుంటోంది. ఇది పత్రికలకెక్కేంత ఘనమైన పని కాదు. కానీ చాలా ఊళ్లకు వచ్చే ఇరవై ఏళ్లలో నిజంగా అందుబాటులో ఉండేది ఇదే.

నీళ్లు, మరుగుదొడ్ల విషయంలో కూడా అదే తర్కం. పైపులు వేయలేని ఇళ్లకోసం అలాస్కా ఆదివాసీ ఆరోగ్య సంస్థ ఒక చిన్న వ్యవస్థను రూపొందించి కివలీనాలో పెట్టి చూసింది. వాననీటిని శుద్ధిచేసే ట్యాంకు, చేతులు కడుక్కునే కుళాయి, పొడి మరుగుదొడ్డి, అన్నీ ఇంట్లోనే. ఇల్లు కదిలితే అవీ కదులుతాయి. "ఈ ఊరు పోయేదే కదా" అన్న సాకుకు ఇంతకంటే మంచి జవాబు లేదు. కరెంటుకు డీజిల్ ఎండాకాలంలో బార్జీల మీద తెచ్చి ఏడాదంతా దాచుకోవాలి. ఆ ట్యాంకులు తరచూ కోతకు గురయ్యే గట్టు మీదే ఉంటాయి. కాట్జెబ్యూ పట్టణపు సహకార విద్యుత్ సంస్థ 1997 నుంచే గాలిమరలు నడుపుతోంది, తర్వాత సోలారు, బ్యాటరీలు కలిపింది. డీజిల్ పూర్తిగా పోలేదు, కానీ తగ్గే ప్రతి పీపా ఆ గట్టు మీది బరువును తగ్గిస్తుంది.

తిండి గురించి బయటివాళ్లు అంతగా అడగరు. అక్కడ తిండి అంటే సీలు, వాల్రస్, తిమింగిలం, సాల్మన్, బెర్రీలు. దుకాణంలో సరుకు విమానంలో రావాలి, ధర చూస్తే గుండె ఆగుతుంది. తిమింగిలం మాంసాన్ని నేలలో తవ్విన మంచు గదుల్లో దాచేవాళ్లు. ఉత్తర తీరంలో ఆ గదుల్లోకి ఇప్పుడు నీళ్లు చేరుతున్నాయి. కాక్టోవిక్‌లో థర్మోసైఫన్లతో చల్లబరిచే కొత్త మంచు గది కట్టుకున్నారు. ఆ డబ్బు "మౌలిక వసతుల" పద్దులో పెట్టడానికి అధికారులు వెనకాడతారు. పెట్టాలి. వంతెన ఎంత మౌలికమో అదీ అంతే.

ఇక మంచు మీద నడక. వేటకు వెళ్లే దారి గడ్డకట్టిన సముద్రమే. మంచు పల్చబడ్డాక పెద్దవాళ్ల అనుభవం ఒక్కటే సరిపోవడం లేదు. కెనడాలో లాబ్రడార్ తీరాన నైన్ ఊరి ఇన్యూట్ ఆదివాసులు, విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి స్మార్ట్‌ఐస్ అనే ఏర్పాటు మొదలుపెట్టారు. మంచులో పాతిన బోయాలు (నీటిలో తేలగల కొలత పరికరాలు) ఉష్ణోగ్రతను ఉపగ్రహం ద్వారా పంపుతాయి. స్నోమొబైల్ వెనక స్లెడ్జి మీద లాగే విద్యుదయస్కాంత పరికరం మంచు మందాన్ని కొలుస్తుంది. దాన్ని నడిపేది ఊరి యువతే, ఎక్కడ కొలవాలో చెప్పేది పెద్దలే. పాండ్ ఇన్లెట్ లాంటి, కెనడా ఉత్తర ప్రాంతమైన నూనావుట్ ఊళ్లకూ అది పాకింది. సమాచారం ఊరి చేతిలో ఉండటం దాని బలం.

ఊరి మాట వినకపోతే ఏమవుతుందో 1977లో ఒకసారి తేలింది. బోహెడ్ తిమింగిలాలు చాలా తక్కువ మిగిలాయని అంతర్జాతీయ తిమింగిలాల కమిషన్ వేటను పూర్తిగా ఆపమంది. శాస్త్రవేత్తలు మంచు అంచున కనబడినవాటినే లెక్కపెడుతున్నారని, చాలా తిమింగిలాలు మంచు కింద నుంచే వెళతాయని ఇనూపియాట్ వేటగాళ్లు అన్నారు. తర్వాత నీటి అడుగున మైకులు పెట్టి వింటే వాళ్ల మాటే నిజమైంది. అప్పుడు ఏర్పడిన వేటగాళ్ల కమిషన్ ఈనాటికీ శాస్త్రవేత్తలతో కలిసి వేట కోటాను నిర్వహిస్తోంది. ఉప్పెన ఎంత ఎత్తు వచ్చిందో, గట్టు ఎక్కడ ముందు విరుగుతుందో కూడా ఇలాగే, ముందు వాళ్లను అడిగి, తర్వాత పరికరం పెట్టాలి.

మీ ప్రాజెక్టుకు వద్దాం. "ఆర్కిటిక్ తీరం" అని మొత్తం తీసుకోకండి, ఒక్క ఊరు తీసుకోండి. అలాస్కా గ్రామాల కోసం పనిచేసే ఫెడరల్ సంస్థ డెనాలీ కమిషన్ 2019లో వెలువరించిన రాష్ట్రవ్యాప్త ప్రమాద అంచనాలో కోత, వరద, పర్మాఫ్రాస్ట్ కరుగుదల మూడింటికీ 187 ఊళ్ల స్థానాలు విడివిడిగా ఉన్నాయి. అలాస్కా భూగర్భ సర్వే విభాగం తీరరేఖ మార్పుల పటాలు ఉచితంగా ఇస్తుంది. వాటితో కోత వేగం లెక్కగట్టి, బడి, డీజిల్ ట్యాంకులు, నీటి కేంద్రం, రన్‌వే ఒక్కొక్కటీ ఏ ఏడు గట్టుకు చేరుతుందో ఒక కాలరేఖ గీయండి. దాని పక్కనే తరలింపు పనుల కాలరేఖ, న్యూటాక్ తీసుకున్న ముప్పై ఏళ్లను కొలమానంగా పెట్టుకుని. రెండు గీతల మధ్య ఖాళీలో ఊరికి ఏ సేవ ఏ ఏటి వరకు నడవాలి, దాన్ని ఎలా కదిలేలా కట్టాలి అన్నదే మీ డిజైన్. గోడ అవసరమైతే ఆ ఖాళీకి సరిపడా ఏళ్లకే డిజైన్ చేయండి, వందేళ్లకు కాదు. తీరరేఖ లెక్కలో ఇబ్బంది ఎదురైతే మీ అంకెలు పెట్టండి, చూసి చెబుతాను.